ఓవర్‌వాచ్: నా చెవులు మెచ్చిన ఆట

ఓవర్‌వాచ్ అనే జట్టు షూటింగ్ వీడియో గేమ్ మీద వచ్చిన సమీక్షలు చదివినప్పుడల్లా నాకు ఒకే వెలితి కనిపిస్తుంది. 2016 మే నెలలో ఆట విడుదలైనప్పుడు విమర్శకులు పాత్రల వైవిధ్యాన్ని, రంగులను, జట్టు ఆటలోని ఉత్సాహాన్ని ఆకాశానికెత్తారు. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ ఆటగా పురస్కారం కూడా దక్కింది. 2022 అక్టోబరులో ఓవర్‌వాచ్ 2 దాని స్థానంలోకి వచ్చాక గాలి మారింది. కంప్యూటర్ శత్రువులపై జట్టుగా ఆడే హీరో మిషన్లు ఇస్తామన్న మాటను 2023 మేలో వెనక్కి తీసుకున్నారు. ఆగస్టులో ఆట ఆన్‌లైన్ గేమ్ దుకాణం స్టీమ్‌లోకి రాగానే ఆటగాళ్లు ప్రతికూల సమీక్షలతో ముంచెత్తారు. ఆ పొగడ్తలోనూ ఈ కోపంలోనూ నిజం ఉంది. కానీ నన్ను ఇన్నేళ్లు పట్టి ఉంచిన సంగతికి మాత్రం నేను చదివినవాటిలో ఒకటి రెండు వాక్యాల కంటే ఎక్కువ చోటు దొరకలేదు. అది ఈ ఆటలోని శబ్దం.

నాకు గురి అంతంత మాత్రం. మిగతా షూటర్ ఆటల్లో మూల తిరిగేలోపే ప్రాణం పోయేది, నెల తిరక్కుండానే ఆట మానేసేవాణ్ణి. ఇక్కడ మూల తిరగకముందే అవతల ఉన్నది ఎవరో తెలిసిపోతుంది. రీపర్ అనే పాత్ర బూట్లు నేలను బరువుగా తాకుతూ వస్తాయి. కాసిడీ నడుస్తుంటే మడమల దగ్గర ఇనుప ముళ్లు గలగలమంటాయి. లూసియో స్కేట్లు జర్రున జారుతాయి. జెన్యాట్టా గాలిలో తేలుతూ వస్తాడు కనుక అడుగుల చప్పుడే ఉండదు. అందుకే అతడంటే నాకు ఇప్పటికీ గుబులు. పైగా శత్రువుల అడుగులు మనవాళ్ల అడుగుల కంటే గట్టిగా వినిపిస్తాయి. నలుగురు స్నేహితుల మధ్య నడుస్తున్నా వెనక నుంచి వచ్చే ఒక్క పరాయి అడుగు చెవికి తగులుతుంది.

అన్నిటికంటే నాకు ఇష్టమైనవి పాత్రలు తమ అతి పెద్ద అస్త్రాన్ని, అంటే అల్టిమేట్‌ను, ప్రయోగించేటప్పుడు వేసే కేకలు. గెంజీ మన జట్టులో ఉంటే ఇంగ్లీషులో అరుస్తూ కత్తి దూస్తాడు, ఎదుటి జట్టులో ఉంటే జపనీస్‌లో. అలాగే జారియా రష్యన్‌లో, మే చైనీస్‌లో. ఆ మాటల అర్థం తెలియాల్సిన పని లేదు. పరాయి భాష చెవిన పడిందా, దాక్కోవాలి. ఎంత చిన్న ఆలోచన, ఎన్నిసార్లు నా ప్రాణం కాపాడింది!

ఇది కాకతాళీయంగా కుదిరింది కాదు. శబ్దంతోనే ఆడగలగాలన్న లక్ష్యం గురించి ఈ ఆట తయారీ బృందం 2016 గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో ప్రత్యేకంగా ప్రసంగించింది. ఆ క్షణంలో మనకు ఏ శత్రువు వల్ల ముప్పు ఎక్కువో ఆట లెక్కగడుతుంది. అతడి చప్పుడును పైకి తెచ్చి మిగతావాటిని అణుస్తుంది. ఆ లెక్క ఎంత నమ్మదగినదో నాకు తెలిసివచ్చిన రాత్రి ఒకటుంది.

కింగ్స్ రో మ్యాప్, మాది దాడి చేసే జట్టు, నేను లూసియో. మేం గమ్యానికి చేర్చాల్సిన బండి, అంటే పేలోడ్, చివరి భాగంలోకి చేరింది. అది ఇక కొద్ది దూరం కదిలితే మాదే గెలుపు. సరిగ్గా అప్పుడు తెర నల్లబడింది. కంప్యూటర్ నడుస్తూనే ఉంది, హెడ్‌ఫోన్లలో పోరు సాగుతూనే ఉంది, బొమ్మ మాత్రం లేదు. నేను అప్పటికే పేలోడ్ పైకి ఎక్కి నిలబడి ఉన్నాను. కదలకపోతే బండే నన్ను మోసుకెళుతుంది. అందుకని కదలిక మీటల మీది నుంచి వేళ్లు తీసేశాను. పాట మార్చే మీట ఒకసారి నొక్కితే లయ నెమ్మదించింది. వేగం పెంచే పాట ఆగి గాయాలు మాన్పే పాట మొదలైందని అర్థమైంది. లూసియో పాటకు గురి అక్కర్లేదు. దగ్గరగా ఉన్న మనవాళ్లందరికీ అదే అందుతుంది.

ఒక చేత్తో మానిటర్ వెనక తీగ కోసం తడుముతున్నాను. రెండో చెయ్యి కీబోర్డు మీదే ఉంది. కుడివైపు, ముందుండి దెబ్బలు కాచే మా ట్యాంక్ పాత్ర రైన్‌హార్ట్ సుత్తి ఊపుతున్న చప్పుడు. ఎడమవైపు, కాస్త వెనగ్గా, ఎవరో గోడ ఎక్కుతున్న టకటక. ఆ వెంటనే జపనీస్ కేక. ఆలోచించలేదు, మనవాళ్లకు కాసేపు రక్షణ కవచం ఇచ్చే లూసియో అల్టిమేట్ మీట నొక్కేశాను. లూసియో ఎగిరి దిగిన దమ్మన్న చప్పుడు, దాని మీద కత్తి వేట్లు ఒకటి, రెండు, మూడు. మావాళ్లెవరూ కూలిన సూచన లేదు. ఎవరో తిరిగి కాల్చారు, గెంజీ గొంతు ఆగిపోయింది. వదులైన తీగ చేతికి తగిలి, లోపలికి నొక్కితే బొమ్మ వచ్చింది. ఐదుగురమూ బతికే ఉన్నాం, బండి గమ్యానికి రెండు మూడు అడుగుల దూరంలో ఉంది. మొత్తం ఇరవై సెకన్లు కూడా అయి ఉండదు. నేను చూడకుండా ఆడానని జట్టులో ఎవరికీ తెలియదు. ఆ రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆ ఉత్సాహంలో ఈ ఆటను కళ్లు మూసుకుని ఆడవచ్చని చాలామందికి చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత తగ్గించుకోవాలి. తర్వాత కంప్యూటర్ పాత్రలతో ఆడే మ్యాచ్‌లో కావాలనే తెర ఆపి చూశాను. మొదటి గది ద్వారం దాటడమే కుదరలేదు. ఎవరు ఎటు నుంచి వస్తున్నారో శబ్దం చెబుతుంది; గోడ ఎక్కడుందో, అంచు ఎక్కడుందో చెప్పదు. ఆ రాత్రి నేను బండి మీద ఉండబట్టి, లూసియో కాబట్టి నెగ్గుకొచ్చాను. పై అంతస్తా కింది అంతస్తా అన్నది కూడా నా మామూలు హెడ్‌ఫోన్లలో తరచూ తేలదు. శబ్దం పైనుంచి కూడా వస్తున్నట్టు వినిపించే డాల్బీ అట్మాస్ వాడి చూస్తే కొంత మెరుగైంది, పూర్తిగా కాదు.

ఇంకొకటి. మొదట్లో ఉన్నవి 21 పాత్రలు. ఇప్పుడు 40 దాటాయి. మధ్యలో ఏడాదికి పైగా ఆట మానేసి తిరిగి వచ్చినప్పుడు కిరికో, జూనో, వెంచర్ల చప్పుళ్లు ఒక్కటీ పోల్చుకోలేకపోయాను. పరిచయమైన ఊళ్లో కొత్త వీధులు వెలిసినట్టు అనిపించింది. వాటిని చెవికి అలవాటు చేసుకోవడానికి వారాలు పట్టింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మొత్తం నలభైకి పైగా పాత్రల చప్పుళ్లు ఒకేసారి నేర్చుకోవడం నేను నేర్చుకున్నంత తేలిక కాదు.

ఓవర్‌వాచ్ 2 జట్టును ఆరుగురి నుంచి ఐదుగురికి తగ్గించింది. జట్టుకు ఆరుగురా ఐదుగురా అన్న వాదనలో నా పక్షం కూడా చెవుల వల్లే తేలింది. రెండో ట్యాంక్‌ను తీసేసినందుకు విమర్శించినవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది; మిగిలిన ఒక్క ట్యాంక్ మీద పడే భారం చాలా ఎక్కువ. కానీ 12 మంది బదులు 10 మంది పోరాడుతుంటే ప్రతి అడుగూ విడిగా వినిపిస్తుంది. 2024 డిసెంబరులో ఆరుగురి జట్లను ప్రయోగాత్మకంగా తిరిగి తెచ్చినప్పుడు ఇష్టంగా ఆడాను. ఇద్దరు ట్యాంకులు పక్కపక్కన నడుస్తుంటే పాత రోజులు గుర్తొచ్చాయి. అయితే పెద్ద పోరులో శత్రు కేకలు ఒకదాని మీద ఒకటి పడి రెండుసార్లు జారియాను వినలేకపోయాను.

కాబట్టి ఈ ఆట మొదలుపెట్టాలా అని అడిగేవాళ్లకు నా జవాబు నా ఆటతీరుకే వర్తిస్తుంది. నేను రాత్రి ఒక గంట, ఒంటరిగా, వాయిస్ చాట్ ఆపేసి, ఎక్కువగా లూసియోలా మనవాళ్లను కాపాడే సపోర్ట్ పాత్రలతో ఆడతాను. డబ్బు పెట్టి పాత్రల వేషాలు (స్కిన్లు) కొనను, పోటీ ర్యాంకుల జోలికి పెద్దగా పోను. ఇలా ఆడేవాడికి ఇంత చక్కగా వినిపించే ఆట నాకు ఇంకొకటి తగల్లేదు. మీరు స్నేహితులతో మాట్లాడుకుంటూ ఆడేవాళ్లైతే వాళ్ల మాటల కింద సగం అడుగులు మునిగిపోతాయి. అప్పుడు ఆగ్రహించిన సమీక్షల్లో రాసిన లోపాలే మీకు ముందు కనబడవచ్చు. స్పీకర్లలో ఆడేవాళ్లకైతే ఈ సమీక్ష అసలు పనికిరాదు. ఒక్కసారి మాత్రం మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, పేలోడ్ పక్కన కదలకుండా నిలబడి, చుట్టూ ఎవరెవరు ఉన్నారో లెక్కపెట్టి చూడండి.