ఆడ కణాలు, మగ కణాలు: కదలికలో తేడా పట్టడానికి గీత పరీక్ష మేలా, రంధ్రాల పొర మేలా?

గాయం మానాలన్నా, కొత్త రక్తనాళం మొలకెత్తాలన్నా కణాలు ఉన్న చోటు వదిలి కదలాలి. ఆడశిశువుల, మగశిశువుల బొడ్డుతాళ్ల నుంచి తీసిన రక్తనాళపు లోపొర కణాలను వేర్వేరుగా పెంచి, ఈ కదలికలో తేడా ఉందేమో చూడాలనుకునేవారికి సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి.

మొదటిది గీత పరీక్ష. పళ్లెం అడుగున చాపలా పరుచుకున్న కణాల మీద పిపెట్ కొనతో గీత గీసి, ఆ ఖాళీ ఎంతసేపట్లో పూడుతుందో సూక్ష్మదర్శినితో గమనిస్తారు. ఖర్చు తక్కువ. అయితే ఖాళీ పూడేది కణాలు నడిచి రావడం వల్లనే కాదు, విభజన చెంది సంఖ్య పెరగడం వల్ల కూడా. ఆడ, మగ కణాలు ఒకే వేగంతో విభజన చెందాలన్న నియమం లేదు కనుక, ఒక గీత ముందు పూడినంత మాత్రాన ఆ కణాలు చురుకుగా నడిచాయనలేం. మైటోమైసిన్-సితో విభజనను ఆపవచ్చు గానీ, డీఎన్‌ఏను దెబ్బతీసే ఆ మందును రెండు రకాల కణాలూ ఒకే తీరుగా తట్టుకుంటాయన్నది కూడా రుజువు కావలసిన మాటే.

రెండోది 1962లో బోయ్డెన్ అనే శాస్త్రవేత్త తెల్ల రక్తకణాల కోసం ప్రవేశపెట్టిన పద్ధతి. పైన కణాలు, కింద వాటిని ఆకర్షించే ద్రవం, నడుమ సన్నని రంధ్రాల పొర. ఆ పొర దాటి కిందికి చేరిన కణాలను లెక్కిస్తారు. లోపొర కణాలకు తరచుగా 8 మైక్రోమీటర్ల రంధ్రాలు వాడతారు. కొద్ది గంటల్లో ముగుస్తుంది కనుక విభజన బెడద తక్కువ. కానీ ఒక రకం కణాలు పెద్దవైతే రంధ్రంలో దూరడమే కష్టమై, వేగం ఉన్నా వెనకబడినట్టు కనిపిస్తాయి.

కణాల పరిమాణం ముందే కొలిచి ఉంచుకుంటే, ఈ ప్రశ్నకు రెండోదే మేలని నా అభిప్రాయం. వీలున్నవారు ఒక్కొక్క కణం నడకను గంటల తరబడి వీడియో తీసి లెక్కించడం ఇంకా మేలు.

ఏ పద్ధతి ఎంచుకున్నా పోషక ద్రవాన్ని మరువకూడదు. అందులో వాడే ఫినాల్ రెడ్ రంగుకు ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజన్‌లా పనిచేసే గుణం ఉందని 1986లో వెల్లడైంది, అందులో కలిపే సీరంలోనూ (రక్తం నుంచి వేరుచేసిన ద్రవం) హార్మోన్లుంటాయి. వాటిని తొలగించాక కూడా తేడా మిగిలితే క్రోమోజోముల వైపు చూడవచ్చు, ఎందుకంటే ఆడ కణంలోని రెండు ఎక్స్ క్రోమోజోముల్లో అణగిపోయిన దాని మీద సైతం కేడీఎమ్6ఏ వంటి కొన్ని జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి. ఒక ఆడశిశువు కణాలను ఒక మగశిశువు కణాలతో పోల్చితే అది ఇద్దరు వ్యక్తుల మధ్య తేడాయే కావచ్చు. అందుకే అనేక జతలు కావాలి, దొరికితే ఒకే గర్భంలో పెరిగిన ఆడ, మగ కవలల బొడ్డుతాళ్లే తీసుకోవాలి.