వైవర్న్‌ను ఏళ్ల తరబడి ఆడించిన మీదట

శ్రీకాకుళంలో ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని పాత్రలతోనూ పాచికలతోనూ కథ నడుపుకునే ఆటను తెలుగులో నడిపిస్తున్న నాకు, ఇన్నేళ్లలో అన్నింటికంటే ఎక్కువగా అక్కరకు వచ్చిన కల్పిత ప్రాణి వైవర్న్. నేనిక్కడ చెబుతున్నది 2014లో వెలువడిన ఐదో కూర్పులోని వైవర్న్ గురించి. ఆ కూర్పు మౌలిక నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ అనుమతితో ఉచితంగా లభిస్తున్నాయి. వైవర్న్ వివరాలు కూడా వాటిలోనే ఉన్నాయి కనుక, కొత్తగా ఆట మొదలుపెట్టేవారు దీని కోసం రూపాయి కూడా ఖర్చు పెట్టనవసరం లేదు.

ఇది డ్రాగన్ల వంశానికి చెందినదే అయినా వాటిలా నిప్పు కక్కదు, మాట్లాడదు, మంత్రాలు ఎరుగదు. రెండు కాళ్లు, రెండు రెక్కలు, కొసన విషపు కొండి ఉన్న పొడవాటి తోక దీని ఆకారం. తెలివి 5, హిట్ పాయింట్లు (గాయాలను ఓర్చే ప్రాణబలం) 110, ఏసీ (దెబ్బ తగలాలంటే పాచికతో చేరవలసిన అంకె) 13, నేల మీద వేగం 20 అడుగులు, గాలిలో 80 అడుగులు. కాగితం మీద చూసినవారికి ఇదొక మోటు జంతువుగానే కనిపిస్తుంది. నేల మీద దొరికితే అది నిజమే, ఎందుకంటే 13 ఏసీని ఐదో స్థాయి యోధుడు తేలికగా ఛేదిస్తాడు. కానీ వైవర్న్ విలువంతా కొండిలోనూ రెక్కల్లోనూ ఉంది. ఆ రెండింటినీ కలిపి వాడని డంజన్ మాస్టర్‌కు, అంటే ఆట నడిపేవారికి, ఈ ప్రాణి నిరాశనే మిగులుస్తుంది.

ముందుగా కొండి సంగతి. పోటు తగిలితే సగటున 11 పాయింట్ల గాయం అవుతుంది, ఆపైన కాన్‌స్టిట్యూషన్ సేవ్‌లో, అంటే ఒంటి దారుఢ్యంతో తట్టుకునే పాచిక పరీక్షలో, 15 చేరకపోతే విషం వల్ల సగటున మరో 24 పాయింట్లు పోతాయి. కాన్‌స్టిట్యూషన్ 14 ఉన్న ఐదో స్థాయి మాంత్రికుడికి సాధారణంగా ఉండేవి 32 హిట్ పాయింట్లు. ఆ కాన్‌స్టిట్యూషన్ వల్ల పాచికకు 2 కలుస్తుంది కనుక, ఇరవై ముఖాల పాచిక మీద 13 గాని అంతకుమించి గాని పడితేనే అతడు సేవ్ దాటుతాడు, అంటే నూటికి నలభై పాళ్లే అవకాశం. ఏ గాయమూ లేకుండా నిలబడి ఉన్న పాత్ర ఒక్క పోటుతో కుప్పకూలగలదన్న మాట. సేవ్ నెగ్గితే విషం సగమే పనిచేస్తుంది కనుక మాంత్రికుడు బతికి బయటపడతాడు. ఈ తేడా అంతా ఒక్క పాచిక మీద వేలాడుతుంది కాబట్టే, కొండి లేచినప్పుడు బల్ల చుట్టూ ఉన్నవారందరూ ఊపిరి బిగపట్టడం ప్రతిసారీ చూశాను. దీనికి విరుగుడుగా అంగట్లో 50 బంగారు నాణేలకు దొరికే యాంటీటాక్సిన్ గంటసేపు విషపు సేవ్‌లకు రెండు పాచికలు వేసి పెద్ద అంకెను తీసుకునే వెసులుబాటు ఇస్తుంది. కొండల దారి పట్టే ముందు ఊళ్లో దాన్ని కొనుక్కునే అవకాశం ఆటగాళ్లకు కల్పించడం న్యాయమని నా అభిప్రాయం.

నలుగురు ఆటగాళ్లున్న బృందం నాలుగో స్థాయిలో ఉన్నప్పుడు ఒక్క వైవర్న్ నియమాల లెక్క ప్రకారం ప్రాణాంతకమైన పోరు. అదే బృందం ఐదో స్థాయికి చేరగానే అది మధ్యరకం పోరుగా మారిపోతుంది. లెక్క సరైనదే అయినా, అది వైవర్న్ ఎగరడాన్ని పట్టించుకోదు. నలభై అడుగుల ఎత్తు నుంచి దిగి, పది అడుగుల దూరంలోనే ఆగి నోటితోనూ తోకతోనూ కొట్టి, మళ్లీ పైకి లేచిపోతే, కత్తి పట్టినవాడికి దాని మీద దెబ్బ వేసే సందే దొరకదు. దాని నోటికీ కొండికీ పది అడుగుల అందుబాటు ఉంది, కత్తికి ఐదు అడుగులే. విల్లు గాని విసిరే ఈటె గాని లేని బృందం మీదికి దీన్ని వదలడం ఆట కాదు, శిక్ష.

అయితే దీనికి గాలిలో కదలకుండా నిలిచే శక్తి లేదు. వేగం సున్నా అయిన క్షణాన అది నేల రాలుతుంది. కళింగపట్నం వైపు మత్స్యకారుల కుటుంబం నుంచి వచ్చిన మా ఆటగాడొకరు నియమాల్లోని ఈ వాక్యాన్ని చదివి, తన పాత్ర చేత వల పట్టించారు. వైవర్న్ పరిమాణం వలకు లొంగేంతే, అంతకు పెద్ద ప్రాణులకు వల పనిచేయదు. అది దిగి దగ్గరికి వచ్చిన క్షణంలో వల విసరడానికి ఆయన ముందే కాచుకొని ఉన్నారు. వల పదిహేను అడుగులకు మించి వెళ్లదు, ఆ దూరంలో గురి కుదరడమూ కష్టమే. అయినా వల పడింది, వైవర్న్ బోర్లా కూలింది. అది వల చించుకొనే లోపల మిగిలినవారందరూ దాని మీద పడ్డారు. నియమాలు మారకుండానే, ఆటగాడు తన బతుకులోంచి తెచ్చిన ఉపాయంతో పోరు మలుపు తిరిగిన తీరు నాకు ఈనాటికీ ఎంతో ఇష్టం.

గట్టిగా చెప్పవలసిన లోపం ఒకటుంది. ఇంత పెద్ద గోళ్లున్న వేట జంతువు, ఈ వివరాల ప్రకారం, గోళ్ల దెబ్బతోనే ఎరను పట్టి ఎత్తుకుపోలేదు. దీనికన్నా ఎన్నో రెట్లు పెద్దదైన రాక్ పక్షి గోళ్లకు ఎరను బిగించి పట్టే నియమం ఉంది, వైవర్న్ గోళ్లకు లేదు. అందుకే మా బల్ల మీద సొంత నియమం ఒకటి పెట్టుకున్నాం: గోళ్ల దెబ్బ తగిలితే పాత్ర పట్టుబడుతుంది, విడిపించుకోవడానికి పాచిక పరీక్షలో 14 కావాలి. మనిషి బరువుతో దాని వేగం సగమై 40 అడుగులకు తగ్గుతుంది. ఒక వంతులో నలభై అడుగులు పైకి లేచి వదిలేస్తే, పడిపోయినవాడికి నాలుగు ఆరుముఖాల పాచికల గాయం. ఈ చిన్న చేర్పు తరువాతే వైవర్న్ నిజమైన వేటగాడిలా ప్రవర్తించడం మొదలుపెట్టింది. గాలిలోని ఎత్తును గుర్తుంచుకోవడానికి బొమ్మ పక్కన ఒక పాచిక ఉంచి, దాని మీది అంకెకు పది అడుగుల చొప్పున లెక్క కడతాం. ఈ ఏర్పాటు లేకపోతే ఎత్తు గురించిన వాదనలతోనే సాయంత్రం గడిచిపోతుంది.

ఇక దాని స్వభావం. నియమాల్లో వైవర్న్‌కు మంచి చెడుల వర్గమేదీ రాయలేదు, అది కేవలం ఆకలిగొన్న జంతువు. మా కల్పిత రాజ్యాన్ని నేను వంశధార ఎగువ కొండల పోలికలతో కట్టాను. ఆ కొండల కింద పల్లెల్లో మేకలూ దూడలూ మాయమవుతున్నాయన్న కబురుతో కథ మొదలైంది. ఇతర చోట్ల ఆటగాళ్లు ఇలాంటి కబురు వినగానే కత్తులు దూస్తారేమో గాని, మావాళ్లు అలా చేయలేదు. ఒడిశా వైపు నుంచి దిగివచ్చే ఏనుగుల గుంపుతో వరిచేలు పోగొట్టుకున్న ఊళ్లవారు మా బృందంలో ఉన్నారు, జీడితోటల్లోకి ఎలుగుబంటి వస్తుందని తెల్లవారుజామున ఒంటరిగా అడుగుపెట్టని ఉద్దానం వారూ ఉన్నారు. "అది తిండి కోసం వచ్చింది గాని మన మీద పగతో రాలేదు కదండీ మాస్టారూ" అని వారిలో ఒకరు అన్నప్పుడు, ఆ సాయంత్రం కథ పూర్తిగా దారి మళ్లింది. గూడు ఎక్కడుంది, కొండ మీద దాని ఎర ఎందుకు తగ్గింది, పశువులు పోయినవారికి రాజు పరిహారం ఇస్తాడా, డప్పులూ దివిటీలతో దాన్ని లోయ దాటించగలమా అన్న ప్రశ్నలతోనే రెండు మూడు వారాలు సాగాయి. జంతువుతో పక్కపక్కనే బతకవలసిన భయమూ, దాని మీద ఉండే ఒక రకమైన గౌరవమూ మా జిల్లావారికి ఎవరూ నేర్పనక్కరలేదు. వైవర్న్ ఇక్కడ ఇంత బాగా పండడానికి కారణం అదేనని నా నమ్మకం.

ఈ స్వభావాన్ని నిలబెట్టాలంటే డంజన్ మాస్టర్ కొంత పని చేయాలి. నియమాల్లో అది ఎప్పుడు పారిపోతుందో లేదు. నా పద్ధతిలో, హిట్ పాయింట్లు సగానికి తగ్గగానే అది ఎరను వదిలి వెళ్లిపోతుంది. కడుపు నిండితే అసలు పోరాడదు. గూటిలో పిల్లలుంటే మాత్రం చివరిదాకా నిలబడుతుంది. ఆటగాళ్లు ఈ తేడాలను గమనించి వాడుకోగలిగినప్పుడే అది జీవిగా అనిపిస్తుంది. ఇదే ఆకాశపు వేటకు మాంటికోర్ అనే మరో ఎగిరే మృగాన్ని కూడా వాడి చూశాను. దాని తోకలోని 24 ముళ్లను దూరం నుంచే విసురుతుంది, మాట్లాడుతుంది, దుర్మార్గమూ దానికి తెలుసు. బేరసారాలు, బెదిరింపులు కావాలంటే మాంటికోర్ మేలు.

చివరిగా విషం అమ్మకం. వైవర్న్ విషం ఒక మోతాదు 1,200 బంగారు నాణేలు పలుకుతుంది. చచ్చిన లేదా కదలలేని వైవర్న్ నుంచి మాత్రమే దాన్ని తీయగలరు, అదీ పాచిక పరీక్షలో 20 చేరాలి. ఐదో స్థాయి పాత్రలకు అది చాలా పెద్ద మొత్తం కనుక, వైవర్న్‌ను తరిమేద్దామన్నవారికీ చంపుదామన్నవారికీ మా బల్ల మీద పెద్ద తగాదా నడిచింది. ఆ ధరను తగ్గించమని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు గాని నేను తగ్గించలేదు. ఊరి సంతలో విషం కొనే వర్తకుడు ఒకడుంటే, కొండ మీది గూటికి మన పాత్రలకన్నా ముందే వేటగాళ్లు చేరతారు. ఆ వేటగాళ్లను ఎదుర్కోవడమే ఇప్పుడు మా కథలో నడుస్తున్న భాగం.