అపియాలో పచ్చబొట్టు పాక

సమోవా రాజధాని అపియాలో మేము దిగిన హోటల్ గురించి ఎక్కువ చెప్పను. ఏసీ పేరుకే ఉంది, వేడినీళ్లు అడిగితే రేపన్నారు. ఉన్న ఒక్క సుఖం ఏమిటంటే, పర్యాటక శాఖవారి సాంస్కృతిక గ్రామానికి నడిచి వెళ్లిపోవచ్చు.

అక్కడ అన్నీ గోడల్లేని పాకలు. కాలిన రాళ్ల మీద వంట, చెట్టు బెరడుతో బట్ట చేయడం పది నిమిషాల్లో చూసేశాను. పచ్చబొట్టు పాకలో మాత్రం గంటన్నర కూర్చుండిపోయాను. చెప్పులు విప్పాలి, కాళ్లు చాపకూడదు, ఫొటోలు వద్దన్నారు. చాప మీద ఒక కుర్రాడు బోర్లా పడుకున్నాడు. సహాయకులు చర్మాన్ని సాగదీసి పట్టుకుంటే, తుఫుంగ, అంటే పచ్చబొట్టు పొడిచే గురువు, దువ్వెనలాంటి పనిముట్టును సిరాలో ముంచి దాని మీద చిన్న కర్రతో కొడుతున్నాడు. మా నాయనమ్మ ముంజేతికి సూదితో పొడిచారు. ఇక్కడ పూర్వం పంది కోరతో చేసిన దువ్వెనలు వాడేవారు. టక్ టక్ టక్. ఆగి, నెత్తురు తుడిచి, మళ్లీ టక్ టక్. కుర్రాడు కిక్కురుమనలేదు. కాలి బొటనవేలు మాత్రం దెబ్బదెబ్బకూ ముడుచుకుంటోంది.

మగవాళ్లకు నడుము నుంచి మోకాళ్ల దాకా పొడిచేది పెఅ. ఆడవాళ్లకు తొడల మీద వేసే సన్నని పని మలు. నొప్పికి తాళలేక పెఅను సగంలో మానేస్తే ఆ తలవంపు ఇంటిల్లిపాదిదీ. పూర్తయితే మాత్రం కుటుంబానికీ పెద్దలకూ సేవ చేయడానికి సిద్ధమైనట్టు లెక్క. ఈ విద్యను ఫిజీ నుంచి ఈదుకుంటూ తెచ్చిన కవల అక్కచెల్లెళ్లు ‘ఆడవాళ్లకు పొడవండి, మగవాళ్లకు వద్దు’ అని పాడుకుంటూ వచ్చారట. దారిలో సముద్రపు చిప్ప కోసం మునిగి లేచేసరికి పాట తిరగబడిందట! ఈ కథ విన్నప్పటి నుంచి మా ఆవిడ ఆ కవలలకు వీరాభిమాని.

‘టాటూ’ అన్న మాట ఈ సముద్రపు దీవుల ‘తతౌ’ నుంచే ఇంగ్లీషుకు పోయింది. మాట పోయినంత తేలిగ్గా అర్థం పోలేదు. ఆ నమూనాను జ్ఞాపికగా భుజం మీద వేయించుకుందామన్న నా సరదాను ఆ పాకలోనే వదిలేశాను.

లలోమను తీరంలో మరో రెండు రాత్రులు గడిపాం. అక్కడి పాకలో పరుపు, దోమతెర, ఎదురుగా సముద్రం, అంతే. అపియా హోటల్ కంటే వంద రెట్లు నయం; ఉదయం పలహారం, రాత్రి భోజనం అద్దెలోనే. చెక్క బస్సులకు పాటల హోరు ఎక్కువ, వేళ తక్కువ. కారు అద్దెకు తీసుకోండి. 2009 నుంచి అక్కడా మనలాగే ఎడమ పక్కనే నడుపుతున్నారు. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూతే, కాబట్టి శనివారమే బ్రెడ్డు, నీళ్లు కొనిపెట్టుకోండి.