రిటైరయ్యాకే నచ్చిన రీబస్

స్కాట్లాండ్ రచయిత ఇయాన్ రాంకిన్ రాసే, ఎడిన్‌బరా పోలీస్ డిటెక్టివ్ రీబస్ నవలలు విజయవాడలో వరసగా దొరకవు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఏది కనిపిస్తే అది తెచ్చుకుని, మిగతావి కిండిల్‌లో చదివాను. 1987లో ‘నాట్స్ అండ్ క్రాసెస్’తో మొదలైన ఈ సిరీస్ 2024లో ‘మిడ్‌నైట్ అండ్ బ్లూ’ దాకా వచ్చింది. అభిమానులు ఎక్కువగా మెచ్చుకునేది క్రైమ్ నవలలకిచ్చే గోల్డ్ డాగర్ అవార్డు వచ్చిన ‘బ్లాక్ అండ్ బ్లూ’ని (1997). నాకు మాత్రం రీబస్ రిటైరయ్యాక వచ్చిన నవలలే ఇష్టం.

మనం చదివి పెరిగిన పాకెట్ నవలల డిటెక్టివ్‌లకు వయసు మీద పడదు. రీబస్ క్యాలెండర్‌తో పాటే ముసలివాడవుతాడు. ‘ఎగ్జిట్ మ్యూజిక్’లో (2007) 60 దగ్గరపడి, ఎడిన్‌బరా పోలీస్ ఉద్యోగంలో ఆఖరి రోజులు లెక్కపెట్టుకుంటుంటాడు. మన ఆంధ్రాలో గవర్నమెంటు ఉద్యోగి అయితే 62 దాకా లాగించేవాడు!

అసలు మజా ‘స్టాండింగ్ ఇన్ అనదర్ మ్యాన్స్ గ్రేవ్’లో (2012) ఉంది. పాత కేసుల ఫైళ్లు తిరగేసే యూనిట్‌లో ఇప్పుడాయన మామూలు సివిలియన్. కూతురు కనపడకుండా పోయిన ఒక తల్లి వస్తుంది. ఏ9 హైవే వెంట ఇంకొందరు ఆడపిల్లలూ అలాగే మాయమయ్యారంటుంది. రీబస్ తన పాత సాబ్ కారులో ఆ రోడ్డంతా తిరుగుతాడు. చేతిలో పోలీస్ కార్డు లేదు, కాబట్టి ఎవరినీ దబాయించలేడు. బతిమాలాలి, ఏమార్చాలి, పాత పరిచయాలు వాడుకోవాలి. అధికారం ఉన్నప్పుడు ఒక్క పేజీలో అయిపోయే పనికి ఇక్కడ ఒక అధ్యాయం పడుతుంది. ఆ అధ్యాయమే బాగుంటుంది. తర్వాతి నవలలో రూల్స్ మారి మళ్లీ డిపార్ట్‌మెంట్‌లోకి వస్తాడు, అదీ తక్కువ ర్యాంకులో. ఒకప్పుడు తన కింద పనిచేసిన షివాన్ క్లార్క్ ఇప్పుడు పైన ఉంటుంది. వాళ్లిద్దరి మాటల కోసమే కొన్ని పుస్తకాలు రెండోసారి చదివాను.

ఊపిరితిత్తుల జబ్బు వచ్చాక సిగరెట్లు పోతాయి. ‘ఎ సాంగ్ ఫర్ ది డార్క్ టైమ్స్’లో (2020) మెట్లెక్కలేక అదే బిల్డింగ్‌లో కింది ఫ్లాట్‌కి మారతాడు. లిఫ్ట్ లేని పాత అపార్ట్‌మెంట్లలో పెద్దవాళ్లున్న ఎవరికైనా ఆ పేజీలు గుచ్చుకుంటాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. రిటైరైన మనిషికి ప్రతి కేసు వివరమూ షివానే మోసుకొచ్చి చెప్పడం నవల నవలకీ నమ్మశక్యం కాకుండా పోతుంది. మాల్కమ్ ఫాక్స్ అనే ఇంకో ఆఫీసర్‌కి అన్ని పేజీలు ఎందుకో నాకు అర్థం కాలేదు. రౌడీ నాయకుడు కఫర్టీ అయితే ఊళ్లో ఏ నేరం జరిగినా ఏదో ఒక మూల నుంచి తేలతాడు. అయినా రీబస్, కఫర్టీ ఎదురెదురుగా కూర్చుని ఒకరినొకరు గిల్లుకుంటుంటే ఆ విసుగంతా మర్చిపోతాం.

నేరుగా రిటైర్‌మెంట్ నవలల్లోకి దిగకండి. ముందు ‘ది బ్లాక్ బుక్’ (1993) చదవండి. షివాన్ మొదటిసారి కనిపించేది అందులోనే, కఫర్టీతో పాత లెక్కలూ తెలుస్తాయి. ఆ తర్వాత ‘ఎగ్జిట్ మ్యూజిక్’కి దూకినా పెద్దగా నష్టం లేదు.