హారోగేట్‌లో చలికాలపు పిట్టలు: టికెట్ తోటా, సూపర్‌మార్కెట్ పార్కింగా?

నా ఓటు పార్కింగ్‌కే. కారణం చెప్పేముందు తోట సంగతి.

ఉత్తర ఇంగ్లండ్‌లోని హారోగేట్‌కి లీడ్స్ నుంచి రైల్లో వెళ్లడం తేలిక. ఆర్‌హెచ్‌ఎస్ (రాయల్ హార్టికల్చరల్ సొసైటీ) వాళ్ల హార్లో కార్ తోట ఉన్నది ఈ ఊళ్లోనే. లోపల వింటర్ వాక్ అని చలికాలం కోసమే తీర్చిన దారి ఉంది. తెల్ల బెరడు బర్చ్‌లు, ఎర్ర కొమ్మల డాగ్‌వుడ్‌లు కంటికి ఇంపుగా ఉంటాయి. చెట్ల పేర్లు నేర్చుకోవాలంటే ఇదే సరైన చోటు, వేడి టీకి బెట్టీస్ టీ రూమ్ కూడా అక్కడే. కానీ దారి పొడుగునా జనం, పిల్లల కేకలు. రాబిన్‌లు భయపడవు గానీ మిగతావి దూరం నుంచే ఎగిరిపోతాయి.

బస విషయంలో స్టార్‌లు చూడకండి, కిటికీ బయట ఏ చెట్టుందో అడగండి. ఒక హోటల్‌లో "గార్డెన్ వ్యూ" అని అదనంగా తీసుకున్నారు. చూస్తే కాయల పొదలన్నీ నున్నగా కత్తిరించేసి ఉన్నాయి! తర్వాత దిగిన చిన్న బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో హీటర్ అంతంతమాత్రమే, వేడినీళ్లు ఆలస్యం. అయినా కిటికీ ముందు ఒక క్రాబ్ యాపిల్ (చిట్టి కాయల యాపిల్) చెట్టు. రెడ్ సెంటినెల్ రకం, జనవరిలోనూ కాయలు కొమ్మని వదలవు. మంచు పట్టి మెత్తబడిన కాయని బ్లాక్‌బర్డ్ లోపలంతా తినేసి తొక్క మాత్రం తొడిమకి వేలాడదీసి పోయేది. స్కాండినేవియా నుంచి వచ్చే ఫీల్డ్‌ఫేర్ అనే పిట్ట ఒకటి చెట్టంతా తనదేనన్నట్టు కూర్చుని, వాలిన ప్రతి పిట్టనీ తరిమేది. తినడానికి దానికి తీరికెక్కడిది!

ఇక పార్కింగ్. బ్రిటన్‌లో సూపర్‌మార్కెట్ల చుట్టూ గుత్తులుగా చిన్న కాయలు కాసే రోవన్ చెట్లు బాగా నాటుతారు, ఎక్కువ చోటు పట్టవు కాబట్టి. ఉత్తరాన స్కాండినేవియా వైపు కాయలు తగ్గిన ఏడాది వ్యాక్స్‌వింగ్‌లనే వలస పిట్టలు గుంపులుగా సముద్రం దాటి వచ్చి వీటి మీద పడతాయి. 2023-24 చలికాలంలో అలాగే బాగా వచ్చాయి. ఎత్తైన చోట అన్నీ కలిసి కూర్చుంటాయి, ఒక్కసారిగా దిగి గబగబా కాయలు మింగి మళ్లీ పైకి. తల మీద జుట్టు, రెక్క చివర లక్క చుక్కల్లాంటి ఎర్రటి మొనలు, తోకకి పసుపు అంచు. ట్రాలీల చప్పుడుకి చలించవు, బైనాక్యులర్స్ కూడా అక్కర్లేదు. టికెట్ లేదు, టాయిలెట్ ఉంది. టైమ్ లిమిట్ బోర్డు మాత్రం చూసుకోండి, కెమెరా ఉంటే ఫైన్ ఇంటికొస్తుంది. కారు రోవన్ కింద పెడితే కడుక్కోవాల్సిందే.

అయితే వ్యాక్స్‌వింగ్‌లు ఏటా రావు, కాబట్టి ముందు వాటి కబురు విని రూమ్ బుక్ చేయండి. డిసెంబర్‌లో నాలుగు లోపే పొద్దు గూకుతుంది, పొద్దున్నే బయల్దేరాలి. పిట్టలు సాధారణంగా ఎర్ర కాయలే ముందు ఖాళీ చేస్తాయి. జనవరి చివర్లో వెళ్లేవాళ్లు పసుపు కాయల జోసెఫ్ రాక్ రకం రోవన్, తెల్ల కాయల కాశ్మీర్ రోవన్ ఎక్కడున్నాయో వెతుక్కోండి.