జయపురం ఘాట్ రోడ్డు మీద అబార్త్ పుంటో: నాలుగున్నరేళ్లు, 62 వేల కిలోమీటర్లు

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి ఒడిశాలోని జయపురంలో బయల్దేరి కొరాపుట్‌లోని మా బ్యాంకుకి వెళ్తాను. వెళ్లడానికి 22 కిలోమీటర్లు, మధ్యలో ఘాట్ రోడ్డు. సాయంత్రం మళ్లీ అదే దారిలో దిగుతాను. 2021 మార్చి నుంచి ఈ రాకపోకలన్నీ ఒకే బండి మీద. అది 2016 మోడల్ ఫియట్ అబార్త్ పుంటో, అంటే మామూలు పుంటో హ్యాచ్‌బ్యాక్‌కి స్పోర్ట్స్ రూపం. విశాఖలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మీటరు మీద 48 వేలు ఉండేవి. ఈ మధ్యే లక్షా పది వేలు దాటింది.

స్పోర్ట్స్ కారు అంటే రెండు తలుపులతో, నేలకి ఆనినట్టు ఉండాలి కదా అని చాలామంది అడిగారు. అలాంటి కారు ఒక బ్యాంకు ఉద్యోగి జీతానికి అందదు, అందినా మా ఊళ్లో తిరగదు. అబార్త్ పుంటోకి ఐదు తలుపులు ఉన్నాయి, డిక్కీ ఉంది, అమ్మానాన్నలు వెనక సీట్లో కూర్చోగలరు. బానెట్ కింద మాత్రం 1.4 లీటర్ల టీ-జెట్ టర్బో పెట్రోల్ ఇంజిన్ (టర్బో అంటే పొగ తోపుతో తిరిగి ఇంజిన్‌లోకి అదనపు గాలి నెట్టే పంపు), 145 హార్స్‌పవర్, 212 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలని తిప్పే బలం. సున్నా నుంచి వందకి 8.8 సెకన్లని కంపెనీ లెక్క. నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులే. 2015 అక్టోబర్‌లో పది లక్షలకి కొంచెం తక్కువ ధరతో వచ్చింది. ఆ ధరకి అంత శక్తి ఇచ్చిన హ్యాచ్‌బ్యాక్ అప్పట్లో మన దేశంలో మరొకటి లేదు. నాకు 4 లక్షల 75 వేలకి దొరికింది.

కారు ముందూ వెనకా, చక్రాల మీదా తేలు బొమ్మ ఉంటుంది. అబార్త్ సంస్థని 1949లో ఇటలీలో పెట్టిన కార్లో అబార్త్‌ది వృశ్చిక రాశి, అందుకే ఆ గుర్తు. మా వీధి పిల్లలు దీన్ని ‘బిచ్ఛా గాడి’ అంటారు, ఒడియాలో బిచ్ఛా అంటే తేలు. ఇప్పుడు మా ఇంటి అడ్రసు చెప్పాలన్నా ఆ మాటే వాడుతున్నారు.

ఇక నడపడం గురించి. ఇంజిన్ నిమిషానికి రెండు వేల చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే లోపు ఇది మామూలు కారే. జయపురం బజారులో ఆటోల మధ్య, ఆవుల మధ్య పోతుంటే దీనిలో ఏ ప్రత్యేకతా కనబడదు, పైగా క్లచ్ కాస్త బరువు. ఊరు దాటి ఎక్కుడు మొదలయ్యాక మూడో గేరులో ముల్లు రెండు వేలు దాటుతుంది, అప్పుడు టర్బో అందుకుంటుంది. ఎవరో నడుం మీద చెయ్యి వేసి ముందుకి నెట్టినట్టు ఉంటుంది. లోడు లారీ వెనక ఇరుక్కున్నప్పుడు ఎదురుగా వంద గజాలు ఖాళీ కనిపిస్తే చాలు, గేరు మార్చే పని లేకుండా దాటేయవచ్చు. ఎదుటి వాహనాలు వచ్చే వైపు మనం ఉండే సమయం ఎంత తగ్గితే అంత క్షేమం. ఘాట్‌లో వేగం కంటే నాకు దీని విలువే ఎక్కువ.

దానికంటే కూడా నేను మనసు పారేసుకున్నది స్టీరింగ్ మీద. ఇప్పటి కార్లలో ఎక్కువ వాటికి మోటారుతో తిరిగే స్టీరింగ్, వేలితో తిప్పేయవచ్చు. దీనిది నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ స్టీరింగ్. పార్కింగ్‌లో చెయ్యి నొప్పెడుతుంది, నిజమే. కానీ వాన పడ్డ మర్నాడు వంపులో ఎర్రమట్టి కొట్టుకొచ్చి రోడ్డు మీద పరుచుకుని ఉంటే, ముందు టైరు దాని మీదకి ఎక్కగానే అరచేతిలో తెలిసిపోతుంది. కన్ను చూసేలోపే చేతులు సర్దుకుంటాయి. ఈ ఒక్క గుణం కోసం ఇంకో పదేళ్లు దీన్నే ఉంచుకోవాలనిపిస్తుంది.

నేలకి ఎత్తు 155 మిల్లీమీటర్లే. మామూలు పుంటో కంటే కిందకి ఉంటుంది. మొదటి నెలలో మా వీధి మలుపులో ఉన్న స్పీడ్ బ్రేకర్‌కి కింద రెండుసార్లు తగిలింది. ఇప్పుడు ఒక్కో చక్రం ఎక్కేలా ఏటవాలుగా తీసుకెళ్తాను. నలుగురు కూర్చుని డిక్కీ నిండా సామాను ఉంటే అదీ చాలదు, దిగేవాళ్లు దిగాలి. అమ్మకి మోకాళ్ల నొప్పులు. సీటు కిందకి ఉండడంతో దిగేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. ఇంట్లో పెద్దవాళ్లని రోజూ తిప్పాల్సిన వాళ్లయితే ఈ బండి వద్దనే చెప్తాను. సస్పెన్షన్ గట్టిది. గుంతల రోడ్డు మీద ఒళ్లు కుదిపేస్తుంది. విజయనగరం మా అత్తగారింటికి సిమిలిగుడ, పొట్టంగి, సుంకి మీదుగా సాలూరు దిగి వెళ్తాం. రోడ్డు బాగున్న చోట మా అమ్మాయి హాయిగా నిద్రపోతుంది, పాడైన చోట లేచి కూర్చుంటుంది.

2022 ఆగస్టులో జరిగింది వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి బండి కొనేవాళ్లకి అది పనికొస్తుంది. ఒక ఉదయం ఘాట్ మధ్యలో బండి ఒక్కసారి నీరసించింది. యాక్సిలరేటర్ తొక్కితే బానెట్ కింద నుంచి స్స్‌మని చప్పుడు, లాగుడు లేదు. మీటరు మీద ఇంజిన్ లైటు వెలిగింది. ఎలాగో కొరాపుట్ చేరాను. ఆ ఆదివారం మెల్లగా విశాఖ తీసుకెళ్లి ఒక పెద్ద వర్క్‌షాపులో చూపించాను. కంప్యూటర్ పెట్టి అరగంట చూసి, టర్బో పోయింది, కొత్తది వెయ్యాలి, అన్నీ కలిపి లక్షా పది వేలు అవుతుంది అన్నారు. కారు కొన్న ధరలో దాదాపు పావు వంతు. టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆలోచించి చెప్తానని బండి వెనక్కి తెచ్చేశాను.

జయపురంలో మా మేస్త్రిగారు సాలూరు మనిషి. సాలూరంటే లారీల ఊరు. ఆయన చిన్నప్పటి నుంచి లారీ ఇంజిన్ల కిందే పెరిగారు. టర్బో అనేది ఆయనకి కొత్త వస్తువు కాదు, లారీలో చూసిందే. ముందు సైలెన్సర్ పొగ చూశారు. తర్వాత ఆయిల్ కర్ర తీసి మట్టం చూశారు. “బాబూ, టర్బో పోతే నీలం పొగొస్తాది, నూనె తాగుతాది. దీనికి ఆ రెండూ నేవు. గాలి ఎక్కడో పోతోంది” అన్నారు. టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి వెళ్లే రబ్బరు గొట్టం ఒక చివర మూసి, రెండో చివర పక్కన పంక్చర్ షాపు నుంచి తెచ్చిన గాలి పైపు పెట్టి కొద్దిగా గాలి వదిలారు. గొట్టం మీద సబ్బు నీళ్లు చల్లారు. కింది వైపు, కంటికి కనబడని చోట, క్లిప్పు బిగించే అంచు దగ్గర సన్నటి బుడగలు వరసగా లేచాయి. గోరు పొడవంత పగులు. ఆరేళ్ల వేడికి రబ్బరు ఎండిపోయింది, అంతే.

ట్యూబు ముక్క చుట్టి క్లిప్పు బిగించి ఇంటికి పంపారు. పది రోజుల్లో సిలికాన్ గొట్టాల సెట్టు తెప్పించి, ఒక్కటే కాకుండా ఆ వయసు గొట్టాలన్నీ మార్చాం. మొత్తం ఖర్చు తొమ్మిది వేలు. ఆ టర్బో ఇప్పటికీ అదే, చుక్క నూనె తాగదు. ఆ రోజు నుంచి మేస్త్రిగారు చూడకుండా ఈ బండికి ఒక్క బోల్టు కూడా విప్పించలేదు.

మన దేశంలో ఫియట్ కార్ల అమ్మకాలు ఎప్పుడో ఆగిపోయాయి. మా జిల్లాలో షోరూమ్ లేదు, ఏదైనా కావాలంటే విశాఖే. కాబట్టి విడిభాగాలు పాడయ్యాక వెతికితే కుదరదు, ముందే తెచ్చి పెట్టుకోవాలి. సస్పెన్షన్ వస్తువుల్లో చాలావాటికి మామూలు పుంటో, ఫియట్‌దే అయిన లీనియా కార్లవి సరిపోతాయి. అవి విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ దొరుకుతాయి. ఇంజిన్‌కి సంబంధించినవి, అబార్త్‌కే ప్రత్యేకమైనవి ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్ నుంచి పార్ట్ నంబరు రాసి తెప్పిస్తాను. ఫొటో చూసి కొంటే మోసపోతాం. ఒకసారి అలాగే కొన్న బ్రేక్ ప్యాడ్లు రెండు మిల్లీమీటర్ల తేడాతో పట్టలేదు, డబ్బు వెనక్కి రాలేదు. మా ఇంట్లో మంచం కింద ఒక ఇనప పెట్టె ఉంది. అందులో ఇగ్నిషన్ కాయిల్ ఒకటి, సెన్సర్లు రెండు, లింక్ రాడ్ల జత, లోయర్ ఆర్మ్ బుష్‌లు, క్లచ్ సెట్టు ఉంటాయి. నాన్నగారు మొదట్లో దాన్ని చూసి విసుక్కునేవారు. లాక్‌డౌన్లలో కొరియర్లు ఆగిపోయిన సంగతి గుర్తు చేస్తే ఇప్పుడేమీ అనరు.

కొనగానే చేయించాల్సిన పని టైమింగ్ బెల్ట్. ఈ ఇంజిన్‌కి చైన్ కాదు, రబ్బరు బెల్టు. కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఏళ్లు గడిస్తే రబ్బరు పాతబడుతుంది. అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజిన్ అంతా పోయే ప్రమాదం ఉంది. అమ్మిన ఆయన బెల్టు బాగానే ఉందన్నారు. బిల్లు చూపించమంటే లేదు. బిల్లు లేని మాట మీద అంత ఇంజిన్‌ని ఆధారపడనివ్వలేక, వాటర్ పంపు, టెన్షనర్‌తో సహా అన్నీ మార్పించాను. 27 వేలు. టర్బోకి నూనే ప్రాణం కాబట్టి ఫుల్ సింథటిక్ 5డబ్ల్యూ-40 ఆయిల్ ప్రతి 7,500 కిలోమీటర్లకి మారుస్తాను. ఘాట్ ఎక్కి కొరాపుట్ చేరగానే ఇంజిన్ ఆపను, ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచుతాను. టర్బో వేడిగా ఉండగానే ఆపేస్తే బేరింగుల దగ్గర నిలిచిపోయిన నూనె మాడి గడ్డకడుతుంది. ఆ ఒక్క నిమిషం ఆగలేని వాళ్లు టర్బో పెట్రోల్ జోలికి వెళ్లకపోవడమే మేలు.

దిగేటప్పుడు రెండో గేరు, మూడో గేరు. బ్రేకు మీద కాలు ఆనించి దిగితే ప్యాడ్లూ ఫ్లూయిడ్ రెండూ కాగిపోతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ చేరిన ఫ్లూయిడ్ తక్కువ వేడికే మరుగుతుంది, అప్పుడు పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కొరాపుట్ వానలు, మంచు తెలిసిన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. డాట్ 4 ఫ్లూయిడ్ రెండేళ్లకోసారి తప్పకుండా మార్పిస్తాను.

మైలేజీ గురించి దాచేదేమీ లేదు. ఘాట్, ఊరు కలిపి లీటరుకి 11. నెలకి పదిన్నర వేల పెట్రోలు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక అరకిలోమీటరు దాకా తగ్గినట్టు నా డైరీ చెప్తోంది. పాత రబ్బరు మీద నమ్మకం లేక ఇంధన గొట్టాలు కూడా మార్పించాను. పెట్రోలు, ఇన్సూరెన్స్ వదిలేస్తే ఇప్పటిదాకా మెయింటెనెన్స్‌కి దాదాపు 2 లక్షల 40 వేలు అయ్యాయి. అందులో పెద్ద వాటా టైర్లది, రెండు సెట్లకి 52 వేలు. 195/55 ఆర్16 టైరు పక్క గోడ పొట్టిగా ఉంటుంది, కొండచరియ రాయి మీదకి ఎక్కితే ఉబ్బిపోతుంది. కిలోమీటరుకి నాలుగు రూపాయలకి అటూ ఇటూ పడింది. చిన్న పెట్రోలు కారుకి ఇంత అవదు. ఆ తేడా నేను తెలిసే పెడుతున్నాను.

విశాఖలో కొని ఒడిశాకి తెచ్చుకునేవాళ్లు ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఏపీ 31 నంబరు ఓడీ 10గా మారడానికి ఫారం 28తో ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకోవాలి, ఇక్కడ మళ్లీ రోడ్ ట్యాక్స్ కట్టాలి. అక్కడ కట్టిన లైఫ్ ట్యాక్స్‌లో మిగిలిన కాలానికి రీఫండ్ అడగవచ్చు. బేరం ఆడేటప్పుడే ఈ డబ్బు లెక్కేసుకోకపోతే, చవగ్గా దొరికిందనుకున్నది చవక కాదు.

ఈ మధ్య నాలుగో గేరులో గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుపు పెరుగుతోంది, బండి అంతగా కదలడం లేదు. క్లచ్ ప్లేటు అరిగిపోయింది. నిన్న సాయంత్రం మేస్త్రిగారు ఒక రౌండు నడిపి చూసి, “ఆదివారం ఉదయాన్నే తెచ్చీండి బాబూ, గేరుబాక్సు దించాలి” అన్నారు. మంచం కింద పెట్టె లాగి, 2023లో కొన్న క్లచ్ సెట్టు తీసి హాల్లో పెట్టాను. దాని సీలు ఇంకా విప్పలేదు.