ఉచితమే, కానీ తేలిగ్గా కొరుకుడు పడదు: స్టాన్‌ఫర్డ్ తత్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వం

బి.ఏ. చివరి సంవత్సరం, తత్వశాస్త్రం. ఈ ఏడాది మా పేపర్లలో మత తత్వశాస్త్రం ఒకటి. కళాశాల గ్రంథాలయంలో దాని మీద ఉన్నవన్నీ మా అమ్మ చదువుకున్న కాలం నాటి పుస్తకాలు. మంచివే, కానీ ఆ తర్వాత జరిగిన చర్చ వాటిలో ఎలా ఉంటుంది? ఆ లోటు నాకు చాలావరకు తీర్చింది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో నడిపే తత్వశాస్త్ర విజ్ఞాన సర్వస్వం.

1995లో ఎడ్వర్డ్ జాల్టా దీన్ని మొదలుపెట్టారు. డబ్బు కట్టనక్కర్లేదు, ఖాతా తెరవనక్కర్లేదు, ప్రకటనల గోల లేదు. వికీపీడియాలా ఎవరు పడితే వారు దిద్దేది కాదు. ఆ విషయంలో పని చేసిన పండితులు రాస్తారు, సంపాదక వర్గం చూశాకే వ్యాసం బయటికి వస్తుంది. మొదట ఎప్పుడు వచ్చింది, చివరగా ఎప్పుడు సవరించారు అన్నది శీర్షిక కిందే కనిపిస్తుంది.

అయితే ఇది డిగ్రీ పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసింది మాత్రం కాదు. దేవుడు దయామయుడైతే లోకంలో ఇంత చెడు ఎందుకు అన్న ప్రశ్న మీద మైకేల్ టూలీ వ్యాసం ఉంది. మొదట్లో హాయిగానే సాగుతుంది. కొంత దూరం వెళ్లాక సంభావ్యత (ప్రాబబిలిటీ) సూత్రాలు మొదలవుతాయి. ఇంటర్‌లో లెక్కలు తప్పించుకుందామని ఆర్ట్స్ తీసుకున్న నాలాంటివారికి అక్కడ చుక్కలు కనిపిస్తాయి. దేవుడన్న భావన నుంచే దేవుడు ఉన్నాడని నిరూపించబోయిన మధ్యయుగ క్రైస్తవ తాత్వికుడు ఆన్సెల్మ్ వాదన కోసం వెళితే గ్రాహమ్ ఆపీ, ఆయన సహరచయితలు ఆ తరహా వాదనల్ని రకరకాలుగా విడదీసి చూపిస్తారు. పరీక్షకు మనకు కావలసింది ఆన్సెల్మ్, ఆయన కాలపు సన్యాసి గానిలో చేసిన ఆక్షేపణ, అలాంటి వాదనే చేసిన డెకార్ట్, దాని మీద కాంట్ విమర్శ, అంతే. పాస్కల్ పందెం (దేవుణ్ణి నమ్మడమే లాభసాటి అన్న ఫ్రెంచి తాత్వికుడు పాస్కల్ వాదన) మీద అలన్ హాయెక్ రాసినది మాత్రం వదలకండి. దేవుణ్ణి నమ్మితే ఏమిటి, నమ్మకపోతే ఏమిటి అన్నదాన్ని పట్టిక వేసి మరీ చూపిస్తారు. తర్వాత ఆ పందాన్ని ఎన్ని వైపుల నుంచి పడగొట్టవచ్చో కూడా ఆయనే చెబుతారు.

మన దర్శనాల సంగతికి వస్తే నేను ఊహించినదానికన్నా ఎక్కువే ఉంది. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి, న్యాయ దర్శనానికి చెందిన గంగేశుడు, ప్రమాణాల (అంటే జ్ఞానం కలిగే మార్గాల) చర్చ అన్నీ ఉన్నాయి. నాకు బాగా నచ్చినది బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి మీద వ్యాసం. మాది మాచర్ల వైపు. బడిలో ఉండగా లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి వచ్చినవాళ్లం, ఆయన మా ఊరివాడే అన్నంత ధీమా మాకు. యాన్ వెస్టర్‌హాఫ్ వ్యాసం ఆయన్ని సుమారు క్రీ.శ. 150-250 మధ్య వాడిగా చెప్పి, జీవితం గురించి నమ్మకంగా చెప్పగలిగేది చాలా తక్కువని తేల్చేసి, నేరుగా తత్వంలోకి దిగుతుంది. శూన్యత అంటే ఏమీ లేకపోవడం కాదు, స్వభావం (దేని మీదా ఆధారపడని సొంత ఉనికి) లేకపోవడం అన్న ముక్క మా నోట్సులోనూ ఉంది. కార్యకారణ సంబంధానికీ ఆత్మకూ దాన్ని ఎలా వర్తింపజేస్తారో ఈ వ్యాసం చదివాకే నాకు పట్టుబడింది.

వాడుకలో కొన్ని చికాకులు ఉన్నాయి. అధోజ్ఞాపికలు (ఫుట్‌నోట్లు) వేరే పేజీలో ఉంటాయి కాబట్టి ఫోనులో వెనక్కీ ముందుకీ తిరగాలి. చక్కగా కూర్చిన పీడీఎఫ్ కావాలంటే చందా కట్టాలి. నేను బ్రౌజర్ నుంచే ప్రింటు తీసుకుంటాను, పని జరిగిపోతుంది.

ప్రాజెక్టు రాసేవారికి ఒక మాట. వ్యాసాలు మారుతూ ఉంటాయి కాబట్టి మామూలు లంకె ఇవ్వకండి. ఏడాదికి నాలుగుసార్లు మొత్తం సర్వస్వాన్ని ఉన్నదున్నట్టు భద్రపరుస్తారు, ఆ సంచిక పేరుతో ఉదహరించండి. విషయం బొత్తిగా కొత్తదైతే ముందు ఇంటర్నెట్ ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఫిలాసఫీ చదవండి. అదీ ఉచితమే, భాష కాస్త సులువు. అక్కడ విషయం అర్థం చేసుకుని ఇక్కడికి వస్తే వ్యాసం చివరి గ్రంథ సూచిక కూడా అక్కరకొస్తుంది. నా సెమినార్ పత్రానికి సగం పుస్తకాల పేర్లు అక్కడ దొరికినవే.

ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒక్కటీ సంభావ్యత సూత్రాల ఖాతాలో.